అడిగినంకనే ఇన్నట్టు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు సూర్యాపేటలో అందింది. పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ మీద వెళ్లాను. మధ్యాహ్నం ఎండలో టీ కోసం బయటికొచ్చి నిలబడ్డప్పుడు మామయ్య ఫోన్ చేశాడు. ఆయన ఎప్పుడూ ముందు "తిన్నవా బిడ్డా" అని అడుగుతాడు. ఆ రోజు అడగలేదు. "మీ అత్తమ్మ ఇగ లేదు" అన్నాడు, అంతే. వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినబడింది. పొద్దున వాకిలి ఊడ్చి, కాళ్లు గుంజుతున్నాయని మంచం మీద ఒరిగిందట. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ పోయే బస్సెక్కాను. దారి పొడుగునా ఆమె గురించి అందరూ ఏం చెప్పుకుంటారా అని ఆలోచించాను. మంచి గొంతు అంటారు. మిల్లు వెనక వీధిలో శనివారం భజన నిలబెట్టింది ఆమే అంటారు. రెండూ నిజమే. కానీ తన గురించి ఎవరైనా నాలుగు మంచి మాటలు చెప్పబోతే ఆమె మధ్యలోనే ఆపి, ముందు ఒక శనివారం జరిగింది చెప్పేది. కొత్తగా పరిచయమైన వాళ్లకూ చెప్పేది, పెళ్లిలో పక్కన కూర్చున్న వాళ్లకూ చెప్పేది. అందుకే నేనూ అదే ముందు చెప్తాను.

ఆమె ఇల్లు రైసుమిల్లు ప్రహరీకి ఆనుకుని ఉంటుంది. వడ్లు ఉడికే వాసన ఆ ఇంట్లో అన్ని గదులకూ పట్టి ఉంటుంది. మేడ మీద ఆరేసిన చీరలను ఊక దులపకుండా మడత పెట్టేది కాదు. ఆ గోడకు అవతల రేకుల షెడ్లున్నాయి. బీహార్ నుంచి వచ్చి మిల్లులో బస్తాలు మోసేవాళ్లు అందులో ఉంటారు. అత్తమ్మకు అప్పటికి వాళ్లు గోడ అవతలి గొంతులు మాత్రమే. ముఖాలు తెలియవు.

ఆ శనివారం భజన ఆమె ఇంట్లోనే. మధ్యాహ్నం నుంచి షెడ్లలో డోలక్ మొదలైంది. దానికి తోడు చప్పట్లు, తాళాలు, పదిమంది మగవాళ్లు ఒక్కసారిగా ఎత్తుకునే గొంతులు. హుషారైన పాటలాగే ఉందట. సాయంత్రానికి భజన మండలి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. హార్మోనియం మీద శ్రుతి పెడితే గోడ అవతలి డోలక్ దాన్ని మింగేస్తోంది. తాగి చిందులేస్తున్నారని ఒకరన్నారు. మనింట్లో ఆడపిల్లలు తిరుగుతారు గదా అని ఇంకొకరన్నారు. అత్తమ్మ లేచి పోలీసులకు ఫోన్ చేసింది. ఎవరూ చెయ్యమనలేదు, ఆమే చేసింది. కాసేపటికి ఒక కానిస్టేబుల్ బండి మీద వచ్చి, మిల్లు గేటు దగ్గరే నిలబడి, ఆపమన్నాడు. ఒక్క మాటకే ఆపేశారట. ఒక్కరు కూడా ఎదురు మాట్లాడలేదు.

ఆ తర్వాత భజన బాగా జరిగింది. "ఆ దినం నా గొంతు మస్తుగ లేసింది. గదే నాకు అన్నిటికంటె సిగ్గు" అనేది అత్తమ్మ, ఈ సంగతి చెప్పినప్పుడల్లా.

మరునాడు పొద్దున అత్తమ్మ ఇంటి గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పేరు బిందేశ్వర్. నున్నటి గుండు, చెవి పైన కత్తి గాటు ఇంకా పచ్చిగా ఉంది. నిన్నటి గోలకు క్షమించమని, అమ్మా అనడానికి మాజీ అంటూ, సగం హిందీలో సగం వచ్చీరాని తెలుగులో చెప్పాడు. మిల్లు గుమాస్తా పంపించాడట, పక్కింటోళ్లతో గొడవైతే షెడ్డు ఖాళీ చెయ్యమంటానని. అత్తమ్మ ఆ గుండు చూసి మొక్కు అనుకుంది. మాట కలపడానికి, తిరుపతి పోయొచ్చినవా అని అడిగింది.

"కాదు మాజీ. అమ్మ పోయింది."

"ఎప్పుడు?"

"నిన్న."

నిన్న పొద్దున ఊరి నుంచి ఫోను వచ్చింది. రైలెక్కినా రెండు రోజుల దారి. అక్కడ శవాన్ని అంతసేపు ఉంచరు, పొద్దుగూకే లోపల దహనం చేసేస్తారు. తల్లిని ఎత్తే వేళకు ఇక్కడ తోటివాళ్లంతా ఆయన చుట్టూ కూర్చుని, వాళ్ల దగ్గర పాడెతో నడిచేటప్పుడు పాడే పాటలు ఎత్తుకున్నారు. అవి ఏడుపులా ఉండవు. జీవుడు తన ఇంటికి పోతున్నాడని డోలక్ కొట్టి పాడతారు. ఆయన ఆ షెడ్డులో కూర్చునే తల్లి వెంట నడుస్తున్నాడు. మా అత్తమ్మ పోలీసులకు ఫోన్ చేసింది ఆ నడక మధ్యలోనే.

నేను కోదాడలో హిందీ టీచరును. ఆ ఆదివారం మధ్యాహ్నం అత్తమ్మ ఫోన్ చేసి, ఉన్నపళంగా రమ్మంది. ఏమైందని అడిగితే చెప్పలేదు. నేను పోయేసరికి అన్నం, పప్పుచారు, వంకాయ కూర టిఫిన్ క్యారియర్‌లో సర్ది కూర్చుంది. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, పక్కింటివాళ్లే తీసుకుపోతారు. గోడ అవతల చావు జరిగిందని అప్పటికి ఆమెకు అర్థమైంది. అందుకు చేయాల్సింది చేస్తోంది. మామయ్య మాత్రం, వాళ్లు ఏమనుకుంటరో ఏమో, ఊకోరాదు అన్నాడు. ఆమె చెప్పులేసుకుంది.

షెడ్డులో మమ్మల్ని చూసి అందరూ లేచి నిలబడ్డారు, తప్పు చేసినవాళ్లలాగా. ఇంకా ఏదో ఫిర్యాదు తెచ్చామనుకున్నారు. అత్తమ్మ క్యారియర్ ముందుకు పెట్టింది. బిందేశ్వర్ చేతులు జోడించి, కర్మ అయ్యేదాకా తాను ఉప్పు వేసినవి తిననని చెప్పాడు. నేను తెలుగులో చెప్తే ఆమె ముఖం వాడిపోయింది. "సూడు, మల్ల అడగకుంటనే వచ్చిన" అంది నాతో మెల్లగా. మిగతావాళ్లు ఆ అన్నం తీసుకున్నారు, ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టం లేక కావచ్చు.

అప్పుడు ఆమె నన్ను అసలు మాట హిందీలో చెప్పమంది. తప్పు తనదేనని, నిన్న ఆగిన పాటను ఈరోజు పూర్తిగా పాడుకొమ్మని, ఎంతసేపైనా సరే, తను కూడా కింద కూర్చుని వింటానని. నేను చెప్పాను. బిందేశ్వర్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. కోపంగా లేడు. ఆయన అన్న మాట నేను అత్తమ్మకు అనువాదం చేసి చెప్పడానికి చాలా కష్టపడ్డాను.

"ఆమె వెళ్లిపోయింది మాజీ. పాట సగంలో ఆగినా, ఆమె ఆగదు కదా. ఇప్పుడు పాడితే ఎవరి కోసం?"

చావు లేనిచోట ఆ పాట పాడరాదట. అత్తమ్మ తలూపింది. దిద్దుకోవడానికి వచ్చింది, దిద్దుకునేది ఏమీ మిగలలేదు. వాళ్లు స్టీలు గ్లాసులో టీ ఇచ్చారు. తాగింది. ఒక పెద్దాయన, మీరు పాడతారు కదా, గోడ అవతల నుంచి వింటుంటాం, ఏదైనా పాడండి అన్నాడు. ఆమె గొంతు సవరించుకుంది. రాలేదు. ఎన్నో ఏళ్లుగా ఎంతమందిలోనైనా అడగగానే ఎత్తుకునే మనిషి, ఆ షెడ్డులో చాప మీద కూర్చుని, నోరు తెరిచి, మూసుకుంది.

తిరిగి వస్తూ గేటు దగ్గర ఆగింది. "పాట గురించి నాకు ఎరుకనే అనుకున్న. దుఃఖం పాటైతే చెవులకు తెలుస్తదనుకున్న. నా చెవులు ఏమైనయి బిడ్డా?" అని అడిగింది. నేను చదువు చెప్పే హిందీకి వాళ్ల పాటల్లో సగం మాటలు అందవు. నేనే అక్కడ ఉన్నా హుషారు పాటే అనుకునేదాన్ని.

ఇంకో సంగతి ఆమెకు ఆ రోజు షెడ్డులోనే తెలిసింది. కార్తీకంలో తెల్లవారుజామున మండలి పెట్టే మైకు గొట్టం సరిగ్గా ఆ షెడ్ల వైపే ఉంటుంది. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే నడుం వాల్చేవాళ్లు అన్నేళ్లూ ఆ భజనలో నిద్రపోయారు. ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ ఏడు అత్తమ్మ మైకు వద్దంది. మండలిలో పెద్ద గొడవైంది. ఎక్కడి నుంచో వచ్చినోళ్ల కోసం మన దేవుణ్ని లేపకుండా ఉంటామా అని ఒకావిడ నిలదీసింది. "దేవుడు మైకు లేకున్నా లేస్తడు. వాళ్లు పండుకోవాలె" అంది అత్తమ్మ. ఇద్దరు ముగ్గురు మండలి మానేశారు. వాళ్లలో ఒకావిడ చివరిదాకా ఈమెతో మాట్లాడలేదు. మైకు మాత్రం మళ్లీ కట్టలేదు.

ఆ తర్వాత ఆమెకు ఒక అలవాటు వచ్చింది. ఏ పాట చెవిన పడినా, ఎందుకు పాడుతున్నారని అడిగేది. గొర్ల మంద వెంట పోతూ కూనిరాగం తీసే మనిషిని ఆపి అడిగింది. బస్సులో డ్రైవరు పెట్టిన ఉర్దూ పాట గురించి అడిగింది. నేను పోయినప్పుడల్లా నా ఫోనులో ఏదో ఒక దేశం పాట పెట్టమనేది. ముందు ఎందుకు పాడుతున్నారో తనే చెప్పడానికి చూసేది. ఆఫ్రికా వైపు ఒక ఊళ్లో డప్పులు కొట్టి అడుగులేసి పాడుతుంటే పెళ్లి అంది. అది పెద్దమనిషిని సాగనంపడం. మంచు దేశం తల్లి ఒకామె సన్నగా, వణికే గొంతుతో పాడుతుంటే, ఎవరో పోయినట్టున్నరు పాపం అంది. అది జోలపాట. తప్పు చెప్పిన ప్రతిసారీ ముందు నవ్వేది, వెంటనే నవ్వు ఆగిపోయేది. "మన మంగళహారతి ఇంటే వాళ్లేమనుకుంటరో" అంది ఒకసారి.

మా బడిలో ప్రపంచ సంగీత దినం అని ఒక కార్యక్రమం పెట్టాం. అత్తమ్మను పాడటానికి పిలిచాను. సంగీతానికి భాష లేదు అని బోర్డు మీద రంగుల చాక్‌పీసులతో రాయించింది నేనే. వచ్చినవాళ్లు అందరూ ఆ మాటే మార్చి మార్చి చెప్పారు. సంగీతం సరిహద్దులు చెరిపేస్తుందన్నారు, మనసులను కలుపుతుందన్నారు. అత్తమ్మ వంతు వచ్చింది. మైకు ముందు నిలబడి బోర్డు వైపు చూసింది.

"సంగీతానికి భాష అక్కర లేదంటున్నరు. నాకు గా మాట నమ్మబుద్ధి అయితలేదు. వాళ్ల భాష రాకనే గదా నేను పోలీసులకు ఫోన్ చేసిన" అని మొదలుపెట్టి, ఆ శనివారం సంగతంతా చెప్పింది. చివరికి ఇట్లా అంది. "చెవులవడ్డది ఇన్నట్టు కాదు పిల్లలూ. అడిగినంకనే ఇన్నట్టు."

వేదిక మీద పెద్దలు కిందికి చూస్తున్నారు. మా హెడ్మాస్టరు టైమైందన్నట్టు నావైపు చూశాడు. అసలు సిగ్గు పడాల్సిన మాట ఆమె చెప్పుకుంటే, ఆమె నా మేనత్త అయినందుకు నాకు ఆ నిమిషం సిగ్గేసింది. ఇప్పుడు అది రాస్తుంటే ఇంకోలాంటి సిగ్గేస్తోంది.

అప్పుడు తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఒకతె లేచింది. మునగాల దగ్గరి తండా నుంచి వచ్చే పిల్ల, క్లాసులో పెదవి విప్పదు. వాళ్ల అక్క పెళ్లి వీడియో ఎవరి ఫోనులోనో చూసి క్లాసు పిల్లలు నవ్వారట, పెళ్లికూతురు బండి ముందు నిలబడి రాగం తీసి ఏడుస్తోందని. అదంతా ఆ పిల్ల అందరి ముందూ చెప్పింది. అత్తమ్మ మైకు పక్కన పెట్టి వేదిక దిగి, ఆ పిల్ల దగ్గరికి పోయింది.

"ఎందుకు పాడుతరు బిడ్డా గది?"

పెళ్లికూతురు ఒక్కొక్కరినీ పట్టుకుని సెలవు తీసుకుంటుందని చెప్పిందా పిల్ల. అమ్మను, నాన్నను, తమ్ముణ్ని, తండాను, ఇంటి ఆవును కూడా. ఆ పాట తల్లి దగ్గర ముందే నేర్చుకోవాలట. బాగా పాడకపోతే పుట్టింటి మీద ప్రేమ లేదంటారట. నవ్విన పిల్లలు ఎవరో వాళ్ల ముఖాలు చూస్తేనే తెలిసిపోయింది. అత్తమ్మ పాడకుండానే ఆ కార్యక్రమం ముగిసింది. నేను ఆ బోర్డు తుడిపించాను.

మంచి మాటొకటి కూడా చెప్పాలి. బిందేశ్వర్ రెండు సీజన్లు చేసి ఊరికి వెళ్లిపోయాడు. అత్తమ్మతో ఆయనకు గొప్ప స్నేహమేమీ కుదరలేదు. ఎదురుపడితే నమస్తే పెట్టేవాడు, అంతే. అయినా పోయిన ఏడాది ఒక పొద్దున ఆమెకు ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా స్పీకరు పెట్టాడు. ఆడవాళ్లు గుంపుగా పాడుతున్నారు, నవ్వులు, గాజుల చప్పుడు, మధ్యలో ఒక పసిగుడ్డు క్యారుమంది. "పుట్టిన పాట గదా ఇది" అంది అత్తమ్మ. అవును మాజీ, కొడుకు పుట్టాడు అన్నాడు బిందేశ్వర్. ఆ ఒక్కసారి అడగకుండానే సరిగ్గా చెప్పింది. వారం రోజులు ఆ సంతోషం మామయ్యకు చెప్పి చెప్పి విసిగించిందట.

మామయ్యకు ఆమె పదే పదే ఆ శనివారం సంగతి చెప్పుకోవడం ఇష్టం ఉండేది కాదు. ఊళ్లో ఎవరూ గుర్తుపెట్టుకోని దాన్ని నువ్వే మోసుకు తిరుగుతున్నావని కోప్పడేవాడు. ఎవరూ గుర్తుపెట్టుకోలేదు కాబట్టే తను చెప్తున్నానని ఆమె అనేది. సిగ్గును దాచుకుంటే పుండవుతుందని కాదు, నలుగురికీ పంచితే ఒక్కరన్నా పోలీసులకు చేయబోయిన ఫోన్ పక్కన పెట్టేస్తారని ఆమె ఆశ. పక్కింట్లో మోత వినబడి విసుగొచ్చినప్పుడు ముందు గోడ దాకా పోయి అడుగుతారని.

బస్సు దిగి నేను వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. పసుపు రాసిన ముఖం, నుదుటి మీద రూపాయంత బొట్టు. మండలి ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. మాట్లాడటం మానేసిన ఆవిడ కూడా వచ్చి గోడకు చేరగిలబడి కూర్చుంది. హైదరాబాదు నుంచి కొడుకు, కోడలు దిగారు. వీధి చివర డప్పులవాళ్లు డప్పులు కాచుకుంటున్నారు.

మిల్లు గేటు దగ్గర పదిమంది దాకా నిలబడి ఉన్నారు. ఒంటి మీద ఊక దుమ్ము అలాగే ఉంది. వాళ్లలో బిందేశ్వర్ కాలం వాళ్లు ఎవరూ లేరు, అంతా కొత్తవాళ్లే. ఒకతను నా దగ్గరికొచ్చాడు. నేను హిందీ మాట్లాడతానని ఎవరు చెప్పారో.

"మేడంజీ, మాజీ కోసం మేం పాడమంటారా?" అని హిందీలో అడిగాడు. మళ్లీ తనే, "మీ దగ్గర ఇప్పుడు పాడొచ్చా? ఏం పాడతారు?" అన్నాడు.

ఆయన్ను ఉండమని, మండలి ఆడవాళ్ల దగ్గరికి పోయి అడిగాను, అత్తమ్మ ఎప్పుడైనా ఏమైనా చెప్పిందా, తను పోతే ఏం పాడమని. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకరు రామభజన అన్నారు, ఒకరు అసలు పాడొద్దన్నారు. మామయ్యను అడిగాను. "అడగలే బిడ్డా" అన్నాడు, తల అడ్డంగా ఊపుతూ. ఆమె కొడుకు వాచీ చూసుకుని, ఇప్పుడవన్నీ ఎందుకు వదినా, టైమైతున్నది అన్నాడు. నేను ఎవరి మీద నెపం పెట్టను? ఏ దేశం పాటనైనా నా ఫోనులో ఆమెకు వినిపించాను. నీకేం పాడాలి అత్తమ్మా అని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే నవ్వి, సంతోషంగా చెప్పి ఉండేది.

ఆ మనిషి గేటు దగ్గర నా జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు. నేను పాడమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఈలోపల పాడె ఎత్తారు. ముందు డప్పు మోగింది. వాళ్లు చేతులు జోడించి, నోరు విప్పకుండా, పక్కకు జరిగి దారిచ్చారు.

ఆడవాళ్లం వీధి మలుపు దాకా నడిచాం. మండలివాళ్లు పాడొచ్చేమోనని తాళాలు వెంట తెచ్చుకున్నారు. చెయ్యి ఊగి అవి మోగకుండా, రెండు చిప్పలూ కలిపి, దారం చుట్టి బిగించి, గట్టిగా గుప్పిట్లో పట్టుకుని నడుస్తున్నారు.